చీనీతొక్కయు, ఓడపలకయు

ప్రొద్దుటూరున నిలిచి సముద్రమును చూడదలచినవాడు తూర్పుగా 150 కిలోమీటర్లకు పైగా పోవలెను. నందికొండలలో పుట్టిన పెన్న 597 కిలోమీటర్లు ప్రవహించి నెల్లూరు సీమలో కడలిని కలియుచున్నది. అది జమ్మలమడుగునకును, ప్రొద్దుటూరునకును పొరుగునది. అయినను ఏడాదిలో పెక్కు నెలలు నీటికంటె ఇసుకనే ఎక్కువగా చూపును. పులివెందులకు ఆ మాత్రపు పెన్న పొరుగును లేదు. ఇట్టి నేలపై పెరిగిన విద్యార్థికి ఓడ యనగా చరిత్ర పుస్తకములోని బొమ్మ. వాస్కోడగామా పేరు ప్రక్కన అచ్చైన తెరచాప.

అట్టి విద్యార్థి చేతికి నమూనా ఓడ పెట్టె యొకటి వచ్చిన దనుకొందము. మూత తీయగా లోపల వెన్నెముక వంటి పొడుగుపలక యొకటి, దానికి అడ్డముగా గ్రుచ్చుటకు గాడులు తీసిన అడ్డుపలకలు పది పండ్రెండు, సన్నని బద్దల కట్ట యొకటి, పటము నుండును. వెన్నుపలకకు అడ్డుపలకలను అమర్చుట ఒక సాయంకాలపు పని. అది ముగియగనే బల్లపై తిని విడిచిన చేపముల్లు వంటి ఆకారము నిలుచును. బాలునకు ఉత్సాహము కలుగును. ఇక ఈ ప్రక్కటెముకలపై చర్మము వలె బద్దలను కప్పుటయే మిగిలినది గదా!

కట్టలోని బద్దలన్నియు ఒకే వెడల్పు గలవి, త్రాడు పట్టినట్లు తిన్ననైనవి. మొదటిది చక్కగా కూర్చుండును. రెండవదియు కూర్చుండును. అయిదారు బద్దలు పైబడునప్పటికి ఓడ ముక్కుకడ ఒక బద్ద వేఱొకదానిపై కెక్క జూచును. వెనుక భాగమున బద్దకు బద్దకు నడుమ సందు విడుచును. బాలుడు బలవంతము చేయును. బద్ద విఱుగును, విఱుగనిచో రాత్రికి రాత్రి జిగురు విడిచి పైకి లేచును. మఱునాడు గరుకు కాగితముతో రుద్దియు, సందులలో మైనము నింపియు కొంత కప్పిపుచ్చవచ్చును. మూడవ నాటికి పెట్టె అటక కెక్కును. నమూనా ఓడలలో నెన్నియో ఈ ఘట్టముననే, నీరు చూడకముందే మునుగుచున్నవి.

ఇందు బాలుని చేతిదోషము కొంచెమే. బద్ద తిన్ననిది కనుక తిన్నగనే అతుకవలెనని అతడు నమ్మినాడు. ఓడ యొడలిపై తిన్నని పలక కు చోటు మిక్కిలి తక్కువ. ఈ సంగతి తెలియుటకు సముద్రతీరమునకు పోనక్కఱలేదు. పులివెందుల తోటలోనికి పోయిన చాలును.

పులివెందుల ప్రాంతము చీనీతోటలకును, అరటితోటలకును పేరుపొందినది. కోస్తావారు బత్తాయి యనుదానిని ఈ సీమవారు చీనీ యందురు. చీనీకాయ తొక్కను పెద్ద ముక్కగా ఒలిచి బల్లపై పరచి అరచేతితో నొక్కి చూడుడు. నడుమ అణగునప్పటికి అంచులు పగులును. అదే యొక కాగితమును డబ్బా చుట్టు చుట్టి విప్పినచో ముడుత యైనను పడదు. డబ్బా ఒక వైపునకే వంగిన తలము. చీనీకాయ రెండువైపులకు వంగినది. రెండు వైపులకు వంగిన తలమును సాగదీయకయో చింపకయో చదును చేయుట ఎవ్వరికిని సాధ్యము కాదని జర్మను గణితవేత్త గౌస్ 1827లో నిరూపించెను. ఆయన వ్రాసిన సిద్ధాంతము కఠినమైనది. తొక్క పగులుట మాత్రము అయిదవ తరగతి బాలునకును కనబడును.

తరగతి గదిలోని గ్లోబును దగ్గఱగా చూచిన ఉపాధ్యాయులకు వేఱొక సంగతి తెలిసియుండును. పాతకాలపు గ్లోబుపై అతికించిన పటము ఒకే కాగితము కాదు. నడుమ వెడల్పై, రెండు కొనలయందు సూదివలె సన్నగిలిన కాగితపు పాయలు, సామాన్యముగా పండ్రెండు, ప్రక్కప్రక్కన చేర్చి అతికింతురు. అరటిపండు ఒలిచినప్పుడు మన చేతికి వచ్చునవియు అట్టి పాయలే. ఒక పాయను నేలపై చాపి చూచినచో నడుమ వెడల్పు, తొడిమకడను మొనకడను సన్నము. అంచులు తిన్ననివి కావు, మెల్లగా వంపు తిరిగినవి. ఓడపలక స్వరూప మదియే. ఓడ వడ్రంగి మ్రానునుండి కోసి తీయుచున్నది అరటితొక్క పాయనే యని చెప్పినను తప్పులేదు.

పాయ ఎక్కడ నెంత సన్నగిలవలెను? దీనికి ఊహ పనికిరాదు, భాగహారము కావలెను. ఒక కాగితపు పట్టీని తీసికొని ఓడ నడుమనున్న అడ్డుపలక యంచు వెంబడి, పై అంచు మొదలు అడుగుదూలము వఱకు పట్టి గుఱుతు పెట్టవలెను. అది 120 మిల్లీమీటర్లు వచ్చిన దనుకొందము. బద్ద వెడల్పు 5 మిల్లీమీటర్లైనచో ఒక ప్రక్క కప్పుటకు 24 బద్దలు కావలెను. ఇక ముక్కుకడ నున్న అడ్డుపలకను కొలిచినచో అక్కడ 72 మిల్లీమీటర్లే యుండవచ్చును. ఆ 24 బద్దలును అక్కడికి చేరవలెనన్నచో ఒక్కొక్కటి 3 మిల్లీమీటర్లకు సన్నగిలి తీరవలెను. వెనుక భాగమున కొన్ని ఓడలకు వంపు విప్పారి 132 మిల్లీమీటర్లు కావచ్చును. అక్కడ 24 బద్దలును పూర్తి వెడల్పుతో నిలిచినను 12 మిల్లీమీటర్లు కొఱత పడును. ఆ కొఱతను పూరించుటకు మేకువలె ఒకవైపు మొనదేలిన చిన్నముక్కలను చొప్పింతురు. ఇట్లు ప్రతి అడ్డుపలకయొద్దను కొలిచి, 24 చేత భాగించి, వచ్చిన వెడల్పును బద్దపై గుఱుతు పెట్టి, గుఱుతులను కలుపు గీతవెంబడి చిత్రిక పట్టవలెను. ఏడవ తరగతి లెక్క. కాని దానిని తప్పినచో దండన వెంటనే కనబడును. అంకగణితమునకు ఇంతకంటె నిర్దాక్షిణ్యుడైన పరీక్షకుడు దొరకడు.

సన్నగింపక, బద్దను ప్రక్కకు వంచి చొప్పింపరాదా యని బాలుడు అడుగును. ఇది మంచి ప్రశ్నయే. 5 మిల్లీమీటర్ల వెడల్పు, 1 మిల్లీమీటరు మందము గల బద్దను బల్లపరుపుగా వంచిన సులభముగా వంగును. దానినే అంచుమీద నిలిపి వంచజూచినచో మొండికేయును. దళసరికి ఘనముగా బిగువు పెరుగునన్న సూత్రమును బట్టి లెక్కించినచో, అదే బద్ద అంచువైపునకు 25 రెట్లు బిగువైనది. కావుననే బలవంతముగా ప్రక్కకు వంచిన బద్ద లోపలి యంచున ముడుచుకొని లేచును, లేదా మెలితిరుగును. బద్ద ఎటు పోదలచుచున్నదో మొదట ఊరక ఆనించి చూచి, అది తనంత తాను పోవు దారికి దగ్గఱగా దాని యంచును చెక్కవలెను.

వంపు మిక్కిలి కఠినమైన ముక్కుకడ మాత్రము నీటి సహాయము కావలెను. వేడినీటిలో కొంతసేపు నానిన కఱ్ఱలోని నారలను పట్టియుంచు పదార్థము మెత్తబడి, బద్ద వంగుట కొప్పుకొనును. ఆఱిన పిమ్మట ఆ వంపు నిలుచును. కాని ఇక్కడ ఒక ఉచ్చు గలదు. నానిన బద్ద అడ్డముగా ఉబ్బును. ఉబ్బిన బద్దను అప్పుడే జిగురుతో అతికినచో ఆనాటికి సందులేదు. ఆఱి ముడుచుకొనగనే వెండ్రుక దూరునంత సందు పుట్టును. కావున నానబెట్టి, వంచి, గుండుసూదులతో బిగించి, పూర్తిగా ఆఱనిచ్చి, మఱల తీసి, సరిచూచి, అప్పుడు అతుకవలెను. ప్రొద్దుటూరు బంగారు వర్తకమునకు ప్రసిద్ధి. అక్కడి కంసాలి పని చూచిన విద్యార్థికి ఈ ఓర్పు క్రొత్తది కాదు. కంసాలి తీగను కాల్చి మెత్తబఱచి, వంచి, చల్లార్చి, మఱల కాల్చును. ఆకురాయి ఒక్కమాఱు లాగి రెండుమాఱులు చూచును. తీసిన రజను మఱల అతుకదని అతనికి తెలియును. బద్ద యంచును చెక్కువాడును అంతే. ఎక్కువైనచో ఎప్పుడైనను తీయవచ్చును. తక్కువైనచో ఆ బద్ద పొయ్యిలోనికే.

పెట్టెలో వచ్చు కఱ్ఱను గూర్చి ఒక మాట. పటములో లైము అని వ్రాసియుండును. అది నిమ్మచెట్టు కఱ్ఱ యని పిల్లలు పొరబడుదురు. అది ఐరోపాలో పెరుగు వేఱొక మహావృక్షము, మెత్తనిది, నార తిన్ననిది. కడప జిల్లా అడవులలోని ఎఱ్ఱచందనమును బద్దలుగా చీల్చిన నెంత అందముగా నుండునో యని ఎవరికైన తోచవచ్చును. దానిని కొట్టుట నేరము, అది యట్లుండ, ఆ మ్రాను చేవ నీటికంటె బరువైనది. నీటిలో వేసిన మునుగును. ఓడకు అంతకంటె అపశకునపు కఱ్ఱ యుండదు. పెట్టె కొనలేని బడికి దళసరి అట్టయు, కత్తెరయు, కొలబద్దయు చాలును. అట్టబద్దయు అంచువైపునకు వంగదు. అదియు కఱ్ఱ చెప్పు పాఠమునే చెప్పును.

ఇంత చెప్పినను, ఓడపని ఈ సీమకు ఎరువు విద్య గదా యని కొందఱు తలంపవచ్చును. సంపూర్ణముగా అట్లనుటకు వీలులేదు. జమ్మలమడుగునకు చేరువనున్న గండికోటను 1650లో గోల్కొండ పక్షమున పట్టుకొనినవాడు మీర్ జుమ్లా. ఆయన సేనాని మాత్రమే కాదు. వజ్రముల వర్తకుడు, సొంత ఓడల యజమాని. ఆయన ఓడలు పారసీక తీరమునకును, అరకానునకును, పెగూనకును వర్తకము చేయుచుండెను. ఫ్రెంచి వజ్రవర్తకుడు తావెర్నియే 1652లో ఆయనను కలిసికొనుటకు గండికోటకు వచ్చెను. పెన్న చీల్చిన ఆ ఎఱ్ఱరాతి లోయ యంచున కూర్చుండి ఒక మనుష్యుడు బంగాళాఖాతముపై తిరుగు ఓడల లెక్కలు చూచుకొనెనని తలచుకొన్నచో, సముద్రము మునుపటంత దూరముగా తోపదు. ఆ శతాబ్దిలో గోల్కొండ రాజ్యమున ఓడలు కట్టుటకు పేరుపొందిన పట్టణము గోదావరి పాయయొడ్డునున్న నరసాపురము. ఐరోపా కంపెనీలవారును తమ ఓడలను అక్కడ కట్టించుకొనుచుండిరి, బాగు చేయించుకొనుచుండిరి. తరువాతి కాలమున ఆ కీర్తి కోరంగికి దక్కినది. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు ఆ రేవును దెబ్బతీసినవి; గోదావరి మేట మిగిలిన పని చేసినది. అయినను కోరంగి, తాళ్లరేవు పరిసరములలో కఱ్ఱ ఓడల వడ్రంగము ఇరువదవ శతాబ్దిలోను సాగినది.

ఆ తీరపు ఓడ యెట్లుండెడిది? శాతవాహనుల నాణెములపై రెండు కొయ్యల ఓడ యున్నది. కాని వ్రేలిగోరంత నాణెము ఓడ యాకారమును చెప్పును గాని పలకల కూర్పును చెప్పదు. కొలతలు దొరకుట బహు ఆలస్యముగా జరిగినది. జాన్ ఎడై అను ఆంగ్ల నౌకానిర్మాత కోరమాండల్, మలబారు, సింహళ తీరముల ఓడలను గూర్చి 1834లో ఒక వ్యాసము ప్రకటించెను. అందు కోరమాండల్ తీరపు ధోనిని వర్ణించుచు, పొడవు సుమారు 70 అడుగులు, వెడల్పు 20 అడుగులు, అడుగుభాగము చదునైనది, అది మిక్కిలి వెడల్పైన చోట 7 అడుగులు, ముందు వెనుకల కొనలయందు 10 అంగుళములు అని వ్రాసెను. ఎడైకి ఆ యోడ పెద్ద మందసము వలె కనబడినది. ఆయన మాటలో కొంత చిన్నచూపును లేకపోలేదు. కాని ఆయన కొలిచెను. కొలిచినందులకు మనము కృతజ్ఞులము.

ఆ కొలతలను పాఠశాల బల్లపైకి తెచ్చుట సులభము. నమూనాకారులు తఱచుగా వాడు పరిమాణము 48కి 1. అనగా నిజమైన ఓడలోని అడుగు నమూనాలో పావు అంగుళము. 70 అడుగుల ధోని 17½ అంగుళములగును, 20 అడుగుల వెడల్పు 5 అంగుళములగును. విద్యార్థి బల్లపై హాయిగా పట్టును. ఇక అడుగుభాగము: 7 అడుగులు 44 మిల్లీమీటర్లకు కొంచెము పైగా వచ్చును, 10 అంగుళములు 5 మిల్లీమీటర్లకు కొంచెము పైగా వచ్చును. 5 మిల్లీమీటర్ల బద్దలతో కప్పినచో నడుమ తొమ్మిది బద్దలు పట్టును. కొనలయందు పట్టునది ఒక్కటే!

ఇక్కడ భాగహార మొక్కటే చాలదు. తొమ్మిది బద్దలను సన్నగించుచు కొనవఱకు తెచ్చినచో ఒక్కొక్కటి అర మిల్లీమీటరు వెడల్పు మిగులును. అది బద్ద కాదు, పుల్ల. నిజమైన ఓడలోనైనను అంత సన్నని పలకకు మేకు కొట్టిన నిలువదు, చీలును. అందుచేత ఒక నియమము పుట్టినది: పలక తన వెడల్పులో సగమునకంటె సన్నగిల్లరాదు. సన్నగిల్లవలసివచ్చినప్పుడు రెండు పలకలలో ఒకటి దారిలోనే ఆగిపోవలెను. దాని పొరుగుపలకలో చిన్న మెట్టు కోసి, ఆగినదాని మొనను ఆ మెట్టులో కూర్చుండబెట్టుదురు. అటుపిమ్మట పొరుగుపలక రెండింటి చోటును తానే ఆక్రమించి ముందునకు పోవును. ఎడై చెప్పిన కొలతల ధోని అడుగున నడుమనున్న తొమ్మిదింటిలో పెక్కు ఎక్కడో ఒకచోట ఆగవలసినవే. ఎక్కడ నాపవలెను? రెండు ప్రక్కల ఎదురెదురుగా ఆపవలెనా, ముందు వెనుకలుగనా? పటము చూచి చేయు బాలునకు పటము చెప్పును. కోరంగి వడ్రంగికి చెప్పునది కన్ను, ముందుతరము వారి చేయి. ఈ రెండింటిలో ఏది గొప్పదన్న వాదము నిష్ఫలము. కాని పటము చినిగినను మఱియొక ప్రతి దొరకును, చేయి పోయినచో దొరకదు.

ఇంతవఱకు చెప్పిన పద్ధతిలో ఎముకలు మొదట, చర్మము తరువాత. తెలుగుతీరమున దీనికి విరుద్ధమైన పద్ధతియు నుండెను. మసూలా పడవలో మొదట ఎముకలు లేవు, చివరను లేవు. పలకల యంచులలో రంధ్రములు చేసి, సందుపై గడ్డి పేనిన త్రాడు నుంచి, కొబ్బరిపీచు నులకతో పలకకు పలకను కుట్టుదురు. మేకు అను మాటయే లేదు. పందొమ్మిదవ శతాబ్దిలో ఓడలు మద్రాసునకు దూరముగా లంగరు వేయగా, ప్రయాణికులను, సరుకులను ఆ భయంకరమైన ఒడ్డు కెరటముల మీదుగా నేలకు చేర్చినవి ఈ కుట్టుపడవలే. ఐరోపావారి దృఢమైన పడవలు ఆ కెరటములలో ఇసుకకు కొట్టుకొని బ్రద్దలగుచుండ, కుట్టుపడవ గంపవలె అణగి, లేచి, ఒడ్డు చేరెడిది. భోజుని పేరిట నున్న యుక్తికల్పతరువు సముద్రపు ఓడలకు ఇనుము కూడదని చెప్పి, అయస్కాంతపు రాళ్లు ఓడను లాగునని కారణము చూపినది. కారణము కట్టుకథ కావచ్చును. మేకు లేని పడవ ఒడ్డు కెరటములకు తాళుట మాత్రము నిజము.

కుట్టుపడవలో పలక రూపము మఱింత ముఖ్యము. ఎముకలున్నచో పలక తప్పినను ఎముక కొంత సర్దును. ఎముకలు లేనిచోట పలకల యంచుల వంపే పడవ యాకారమును నిర్ణయించును. అంచు వ్రేలెడు మారినచో పడవయే వేఱగును. అరటితొక్క పాయలను మఱల దగ్గఱకు చేర్చిన పండు ఆకారము వచ్చునట్లు, పలకలను కుట్టుకొనుచు పోగా పడవ లేచి వచ్చును. బొమ్మ చేయగోరు విద్యార్థి ఈ పడవను దళసరి అట్టతోను, సూదీదారముతోను చేసి చూచుట మేలు. పెట్టెలోని ఓడకంటె ఖర్చు తక్కువ, నేర్పు ఎక్కువ.

ఈ విద్య అంతరించినచో మఱల తెచ్చుట ఎంత కష్టమో ఇటీవలి యుదాహరణ యొకటి చూపుచున్నది. అజంతా గుహలోని అయిదవ శతాబ్దపు చిత్రమును ఆధారముగా కొని మేకులు లేని కుట్టు ఓడను నిర్మించి, 2025 మే 21న కార్వారులో భారత నౌకాదళమున చేర్చుకొనిరి. దానికి కౌండిన్య అని పేరు. కేరళ పనివారు పలకలను నులకతో కుట్టిరి. గోడమీది చిత్రమున ఓడ ఒక ప్రక్కనుండి మాత్రమే కనబడును. అడుగు ఎంత వెడల్పో, పలక యెంత వంపో దానిలో లేదు. ఆ యాకారమును మఱల ఊహించి, మద్రాసు ఐ.ఐ.టి.లో నమూనాతో నీటిపై పరీక్షింపవలసి వచ్చినది. రూపము పదునైదు శతాబ్దములు నిలిచినది, కొలత నిలువలేదు.

కొలతను నిలుపుటకు నమూనాయే సాధనమని కొందఱు ముందుగనే గుర్తించిరి. మీర్ జుమ్లా గండికోటలో నున్న కాలముననే ఇంగ్లండులో యుద్ధనౌకలకు సూక్ష్మ నమూనాలు చేయుట ఆరంభమైనది. వానిలో పెక్కింటికి అడుగుభాగమున పలకలు కప్పక ఎముకలు కనబడునట్లు విడిచిరి. చూచువారికి కూర్పు తెలియవలెనను ఉద్దేశము అందు కనబడును. పందొమ్మిదవ శతాబ్దిలో ఫ్రెంచి నౌకాధికారి పారిస్, అది ఆయన యింటిపేరు, సముద్రయానములలో తాను చూచిన ఆసియా పడవలను కొలిచి గీసి 1840 దశకమున గ్రంథముగా ప్రకటించెను. పిదప పారిసు నగరమున లూవ్రు భవనములోని నౌకాప్రదర్శనశాలకు అధిపతియై, ఆ గీతలనుబట్టి నమూనాలు చేయించెను. కట్టినవారి పేర్లు తెలియని పడవలు, ఒకడు కొలబద్ద పట్టుకొని వంగినందున, గాజుబీరువాలో బ్రతికియున్నవి. తెలుగుతీరమున ఇప్పుడు వేటకు పోవు పడవలలో పెక్కు ఫైబరుతో పోసినవి. అవి తేలిక, చివుకవు, బెస్తవానికి మేలైనవి, వానిని నిందింపరాదు. కాని అచ్చులో పోసిన పడవకు పలక లేదు, పలక లేనిచోట పలకను చెక్కు కన్ను నిలువదు. ఒడ్డున బోర్లించియున్న పాత కఱ్ఱపడవలు ఇంకను కొన్ని గలవు. పాఠశాల విహారయాత్రలో కాకినాడ వైపు పోవు ఉపాధ్యాయుడు ఛాయాచిత్రముతో తృప్తిపడక, పిల్లలచేత ఒక పడవ చుట్టుకొలతను నాలుగుచోట్ల దారముతో తీయించి, నోటుపుస్తకమున వ్రాయించినచో, ఆ పుట ఎప్పటికైనను విలువగలది.

తిరిగి బల్లపైనున్న చేపముల్లు కడకు వత్తము. బద్ద అతుకుటకు పూర్వము అడ్డుపలకల యంచులను ఏటవాలుగా రాచితిరా? రాయనిచో బద్ద అంచు మొనమీదనే ఆనును, ఒడలికి ఆనదు. ఒక బద్దను మూడు అడ్డుపలకలపై అడ్డముగా పరచి, వెలుతురునకు పట్టి, క్రింద సందు కనబడనంతవఱకు ఆకురాయి ఆడింపవలెను. మఱియొకటి: కుడిప్రక్కన ఒక బద్ద అతికిన పిమ్మట ఎడమప్రక్కన దాని జోడు అతికి తీరవలెను. ఒకే ప్రక్కన పది బద్దలు పేర్చినచో ఆఱుచున్న జిగురు, వంగిన బద్దల లాగుడు కలిసి వెన్నుపలకను వంకర చేయును. ఆ వంకరను పిమ్మట ఎవ్వరును తీర్పలేరు.

రెండు ప్రక్కలు సమానముగా వచ్చుట పెద్దవారికిని సులభము కాదు. స్వీడనుదేశపు వాసా అను యుద్ధనౌక 1628 ఆగస్టు 10న మొదటి ప్రయాణమున, రేవు దాటకయే మునిగినది. 1961లో పైకి తీసి పరిశోధకులు కొలిచి చూడగా రెండు ప్రక్కలు సరిసమానముగా లేవు. ఓడలో పనివారి కొలబద్దలు నాలుగు దొరకినవి. రెండింటిపై అడుగునకు 12 అంగుళములు. తక్కిన రెండింటిపై, ఆమ్‌స్టర్‌డాము లెక్క చొప్పున, 11 అంగుళములు! మునుగుటకు ముఖ్యకారణము ఓడ పైభాగపు బరువే గాని ఈ తేడా కాదు. అయినను ఒకే ఓడ కడ ఇద్దఱు వడ్రంగులు అడుగు అని ఒకే మాట పలికి రెండు పొడవులు కోయుచుండిరని తెలిసినప్పుడు, కొలబద్దను నమ్ముటకు ముందు దానిని చూడవలెనని బాలుడు తనంత నేర్చుకొనును.

ఇట్లు పైనుండి క్రిందికి కొన్ని, అడుగుదూలమునుండి పైకి కొన్ని, ఈ ప్రక్క ఒకటి ఆ ప్రక్క ఒకటిగా బద్దలు చేరును. రెండు దండులు దగ్గఱపడి నడుమ ఒక్క బద్ద పట్టునంత ఖాళీ మిగులును. తక్కిన బద్దల కన్నిటికి ఒక యంచే పొరుగువానితో కలియవలసియుండెను. దీనికి రెండంచులును కలియవలెను. ఇన్నాళ్లు చేసిన చిన్నతప్పులన్నియు, వెండ్రుకకు వెండ్రుకగా జరిగి, ఈ ఖాళీలో చేరియుండును. కావున భాగహారము చెప్పిన వెడల్పు ఇక్కడ పనికిరాదు. ఖాళీపై పలుచని కాగితము పఱచి, సీసపు పెన్సిలుతో అడ్డముగా రుద్దినచో రెండు అంచుల గీతలును కాగితముపై తేలును. ఆ కాగితమును కత్తిరించి బద్దపై అతికి, గీతకు కొంచెము వెలుపలగా కోసి, ఆకురాయితో ఒక్కమాఱు లాగి రెండుమాఱులు చూచుచు దించవలెను. సరిగా వచ్చిన బద్ద వ్రేలితో నొక్కినంతనే లోనికి పోయి, జిగురు లేకయే నిలుచును.